తేనెపెట్టెలో నల్లి: ముందు లెక్క, తరువాత పిల్లకు విరామం, ఆపైనే మందు

తెలుగు రైతుకు నల్లి కొత్త కాదు. మిరప ఆకు ముడుచుకుపోతే తెల్లనల్లి వచ్చిందంటాడు, వంగలో ఆకు తుప్పురంగుకు తిరిగితే ఎర్రనల్లి అంటాడు, పాత నులకమంచంలో రక్తం పీల్చే పురుగునూ నల్లి అనే అంటాడు. మంచంలోది ఆరు కాళ్ల కీటకం. చేనులోదీ, తేనెపెట్టెలోదీ మాత్రం ఎనిమిది కాళ్లవి, సాలీడుకు దూరపు చుట్టాలు. ఈ తేడా మందు దగ్గరికి వచ్చేసరికి ముఖ్యమవుతుంది, ఎందుకంటే తేనెటీగ కీటకం, దాని మీద స్వారీ చేసేది కీటకం కాదు. ఒకదాన్ని చంపి మరొకదాన్ని బతికించే సన్నని సందు ఉన్నది అక్కడే.

ఈ వ్యాసం ఇటాలియన్ తేనెటీగలను పెట్టెల్లో పెంచుతూ, పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు, వలిసెలు, జామాయిల్ పూతల వెంట పెట్టెలను తిప్పేవారి కోసం. నల్లి నివారణ గురించి దొరికే సూచనల్లో చాలావరకు చలిదేశాలలో తయారైనవి. అక్కడ చలికాలంలో రాణి ఈగ కొన్ని వారాలపాటు గుడ్లు పెట్టడం మానేస్తుంది, పట్టులో పిల్ల (గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా ఉండే దశలు) ఉండదు, నల్లికి దాక్కునే చోటు ఉండదు, పెంపకందారు ఆ రోజుల్లో ఒక్కసారి మందు వేసి ఊపిరి పీల్చుకుంటాడు. మన మైదానాలలో అలాంటి రోజులు వాటంతట అవి రావు. పుప్పొడి ఎంతో కొంత ఏడాది పొడవునా దొరుకుతుంది గనుక రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది, నల్లి ఈనుతూనే ఉంటుంది. అందువల్ల పిల్ల లేని రోజులను ఇక్కడ పెంపకందారే కల్పించుకోవాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

రెండు నల్లులు, రెండు బతుకులు

మన పెట్టెలలో నష్టం చేసేవి ముఖ్యంగా రెండు: వరోవా, ట్రోపిలీలాప్స్. రెండూ ఆసియాలో పుట్టినవే. వరోవా మొదట మన పుట్టతేనె ఈగ మీద బతికేది, ట్రోపిలీలాప్స్ కొండతేనె ఈగ మీద బతికేది. ఆ ఈగలు తరతరాలుగా వాటితో సర్దుకుపోయాయి. ఐరోపా నుంచి తెచ్చిన తేనెటీగకు ఆ నేర్పు లేదు. 1960ల తొలి సంవత్సరాలలో అప్పటి పంజాబ్‌కు చెందిన నగ్రోటాలో ఇటాలియన్ ఈగలను స్థిరపరిచారు. దక్షిణాదిన 1990ల మొదట్లో పిల్లను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ పుట్టతేనె ఈగల పెట్టెలను తుడిచిపెట్టిన తరువాత ఈ ఇటాలియన్ ఈగలే ఎక్కువగా వ్యాపించాయి. అంటే ఒక రోగానికి జవాబుగా తెచ్చుకున్న ఈగ, ఇక్కడి నల్లులకు కొత్త ఆహారమైంది.

వరోవాకు 1904లో ఔడెమాన్స్ అనే డచ్ శాస్త్రవేత్త జావా నమూనాలను చూసి వరోవా జాకబ్సోని అని పేరు పెట్టాడు. దాదాపు వందేళ్లపాటు ప్రపంచమంతా ఆ పేరే వాడింది. 2000 సంవత్సరంలో ఆండర్సన్, ట్రూమాన్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇటాలియన్ ఈగలను నాశనం చేస్తున్నది వేరే జాతి అని తేల్చి దానికి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. అది 1987లో అమెరికాలో, 1992లో బ్రిటన్‌లో, 2000లో న్యూజీలాండ్‌లో బయటపడింది. అప్పటిదాకా తప్పించుకున్న ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర కనిపించింది. వేలాది పెట్టెలను నాశనం చేసి కూడా దాన్ని నిర్మూలించలేక, 2023 సెప్టెంబరులో ఆ దేశం ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. ఒకసారి చేరిన నల్లిని పూర్తిగా తీసివేయడం ఎవరి వల్లా కాలేదని గుర్తుంచుకుంటే, మన లక్ష్యం దాన్ని హద్దులో ఉంచడమేనన్నది స్పష్టమవుతుంది.

ఆడ వరోవా ముదురు ఎరుపు గోధుమరంగులో, ఆవగింజ కన్నా చిన్నగా, పీతలా అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. పొడవు సుమారు 1.1 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 1.6 మిల్లీమీటర్లు. పెద్ద ఈగ పొట్ట కింది పొరల సందులో దూరి దాని కొవ్వు కణజాలాన్ని తింటుంది. రక్తం పీలుస్తుందనే చాలాకాలం అనుకున్నారు. 2019లో శామ్యూల్ రామ్సే, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. కొవ్వు కణజాలం ఈగకు కాలేయంతో సమానం. ఆహారాన్ని నిలవచేసేది, విషాన్ని విరిచేది, రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చేది అదే. నల్లి కొరికిన చోటునుంచి రెక్కలను ముడతలు పెట్టే వైరస్ కూడా లోపలికి వెళుతుంది. పెట్టె చివరకు చచ్చేది ఎక్కువగా ఆ వైరస్ వల్లనే, నల్లి దానికి బండి మాత్రమే.

పిల్ల గదికి మైనపు మూత పడబోయే ముందు తల్లి నల్లి లోపలికి దూరి, అడుగున ఉన్న పిల్ల ఆహారంలో మునిగి దాక్కుంటుంది. మూత పడిన సుమారు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, దాని నుంచి మగ నల్లి వస్తుంది. ఆ తరువాత సుమారు 30 గంటలకొకటి చొప్పున పెట్టే గుడ్ల నుంచి ఆడవి వస్తాయి. అన్నాచెల్లెళ్ల జత మూత కిందే కలుస్తుంది. కూలి ఈగ గది సుమారు 12 రోజులు మూసి ఉంటుంది, ఆలోపు ఒకటి లేదా మహా అయితే రెండు కూతుళ్లు ముదురుతాయి. పోతుటీగ (మగ ఈగ) గది 14, 15 రోజులు మూసి ఉంటుంది గనుక అక్కడ ఇంకొకటి ఎక్కువ ముదురుతుంది. అందుకే వరోవా పోతుటీగ గదులనే పలు రెట్లు ఎక్కువగా వెతుక్కుంటుంది. పిల్ల బాగా ఉన్న పెట్టెలో ఏ రోజు చూసినా నల్లులలో మూడింట రెండు వంతులకు పైగా మూతల కిందే ఉంటాయి, ఈగల మీద కనిపించేవి మిగిలినవి మాత్రమే.

ట్రోపిలీలాప్స్ వేరే రకం మనిషి, ఈ మాట అనవచ్చునంటే. సన్నగా, పొడవుగా, లేత గోధుమరంగులో సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. పట్టు మీద చీమలా గబగబా పరుగెడుతుంది. వరోవా నింపాదిగా నడుస్తుంది, ఇది ఒకచోట నిలవదు. దాని నోరు పెద్ద ఈగ చర్మాన్ని కొరకలేదు, మెత్తని పిల్లనే తినగలదు. కాబట్టి పిల్ల లేకపోతే రెండు మూడు రోజులకు మించి బతకడం కష్టం. మరోవైపు అది పెరిగే వేగం వరోవాను మించుతుంది. గుడ్డు నుంచి ముదిరిన నల్లి కావడానికి వారం కూడా పట్టదు, బయటకు వచ్చినది ఎక్కువ రోజులు ఈగ మీద స్వారీ చేయకుండా వెంటనే మరో గదిలోకి దూరుతుంది. నీళ్ల ట్యాంకుల కింద, అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్లకు, మర్రిచెట్లకు కొండతేనె పట్లు వేలాడే మన ప్రాంతంలో దీన్ని అరుదైన నల్లి అనుకోవడం పొరపాటు. వరోవాకు మందు వేశామన్న ధీమాతో ఉండగా ఇది పెట్టెను తినేసిన సందర్భాలు తక్కువ కాదు.

శ్వాసనాళాల్లో చేరే అకారపిస్ వుడీ అనే మూడో నల్లి కూడా ఉంది. సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తే తప్ప అది తెలియదు. పై రెండింటితో పోలిస్తే మన మైదానాలలో అది పెద్ద బెడద కాదు గనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

బయటి గుర్తులు

పెట్టె ముందు నేల మీద ఎగరలేక పాకుతున్న ఈగలు, నలిగిన కాగితంలా ముడుచుకుపోయిన రెక్కలు, కురచైన పొట్ట, పిల్ల పట్టులో చెదురుమదురుగా ఖాళీ గదులు, మధ్యలో చిల్లులు పడి కుంగిన మూతలు, గది పైగోడల మీద సున్నపు చుక్కల్లాంటి తెల్లని రెట్ట, ఇవి గుర్తులు. అయితే ఇవి కంటికి కనిపించే నాటికి పెట్టె చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. గుర్తులను చూసి మందు మొదలుపెట్టేవారు ప్రతి ఏడూ కొన్ని పెట్టెలు పోగొట్టుకుంటూనే ఉంటారు.

మరొక గందరగోళం కూడా ఇక్కడే వస్తుంది. పక్క చేలో పురుగుమందు కొట్టిన రోజు పెట్టె ముందు ఒక్కసారిగా చచ్చిన ఈగలు కుప్పగా పడతాయి, చాలా వాటి నాలుకలు బయటకు చాచి ఉంటాయి. నల్లి వల్ల కుప్పలు పడవు. ఈగలు రోజురోజుకూ పలచబడతాయి, ఒక ఉదయం పెట్టె తెరిస్తే తేనె ఉంటుంది, కొద్దిగా పిల్ల ఉంటుంది, గుప్పెడు ఈగలతో రాణి ఉంటుంది. నెల క్రితం నాలుగు ఫ్రేములు నిండా ఉన్న ఈగలు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు.

లెక్కపెట్టే పద్ధతి

నల్లి సంఖ్య అనుకూల కాలంలో నెలకు సుమారు రెట్టింపవుతుంది. కాబట్టి నెలకొకసారి, మందు వేయబోయే ముందు, మందు ముగిసిన రెండు మూడు వారాలకు తప్పనిసరిగా లెక్క చూడాలి. ఒక చోట యాభై పెట్టెలుంటే అన్నీ చూడనక్కరలేదు గాని, వేర్వేరు వరుసల నుంచి ఎనిమిదింటికి తగ్గకుండా చూడాలి. గట్టిగా ఉన్న పెట్టెలను వదిలేయకూడదు. పిల్ల ఎక్కువ ఉన్నచోటే నల్లి కూడా ఎక్కువ.

కావలసినవి సామాన్యమైనవే. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, దాని మూతను గుండ్రంగా కోసి, ఆ చోట రెండున్నర మిల్లీమీటర్ల చిల్లులున్న ఇనుప జాలి బిగించాలి. నల్లి దాటాలి, ఈగ దాటకూడదు. పిల్ల పట్టున్న ఫ్రేమును తీసి ముందు రాణి దాని మీద లేదని రెండు వైపులా చూసుకోవాలి, ఈ పనిని తొందరలో చేసి రాణిని డబ్బాలో వేసుకున్నవారు నాకు తెలుసు. తరువాత ఫ్రేమును ఒక టబ్బులోకి గట్టిగా దులిపి, సుమారు 120 మిల్లీలీటర్లు పట్టే చిన్న గ్లాసుతో ఈగలను ముంచి డబ్బాలో వేయాలి. ఆ కొలతకు సుమారు 300 ఈగలు వస్తాయి. జాలి మూత పెట్టి, పై నుంచి రెండు పెద్ద చెంచాల మెత్తని పంచదార పొడి వేసి, డబ్బాను దొర్లించి ఈగలన్నిటికీ పొడి అంటేలా చేసి, నీడలో రెండు నిమిషాలు ఉంచాలి. అప్పుడు డబ్బాను తలకిందులు చేసి, నీళ్లు పోసిన తెల్లని పళ్లెం మీద ఒక నిమిషం పాటు గట్టిగా ఊపితే పొడి నీటిలో కరిగిపోతుంది, నల్లులు ఎర్రని చుక్కల్లా తేలుతాయి. వాటిని లెక్కపెట్టి 3తో భాగిస్తే నూరు ఈగలకు ఎన్ని నల్లులో వస్తుంది. ఈగలను తిరిగి పెట్టెలో వేసేయవచ్చు, పంచదారను అవే నాకి శుభ్రం చేసుకుంటాయి.

కోస్తా జిల్లాలలో, ముఖ్యంగా వర్షాకాలంలో, గాలిలోని తేమకు పంచదార పొడి ముద్దకట్టి ఈ పరీక్ష తక్కువ చూపిస్తుంది. అక్కడ అదే డబ్బాలో పొడికి బదులు సబ్బునీళ్లు పోసి ఒక నిమిషం కలియబెట్టి, ఆ నీటిని జాలి గుండా వంచి లెక్కపెట్టడం మేలు. ఆ 300 ఈగలు చనిపోతాయి. పెంపకందారుకు చేతులు రాని మాట నిజమే, కానీ బలమైన పెట్టెలో రాణి ఒక్క రోజులో అంతకు మించి గుడ్లు పెడుతుంది.

నూరు ఈగలకు ఒకటి లోపు ఉంటే వచ్చే నెల మళ్లీ చూస్తే చాలు. రెండు ఉంటే చర్యకు సిద్ధం కావాలి, మూడు చేరితే ఆలస్యం చేయకూడదు. మూడంటే తక్కువగా అనిపిస్తుంది. మూతల కింద దానికి రెండు మూడింతలు దాగి ఉన్నాయని, నెల తిరిగేసరికి అది ఆరవుతుందని తలచుకుంటే అనిపించదు.

ఈ పరీక్ష ట్రోపిలీలాప్స్‌ను పట్టదు, అది ఈగల మీద ఉండదు గనుక. దానికి వేరే పద్ధతి ఉంది. మూతపడిన పిల్ల నిండుగా ఉన్న ఫ్రేమును తీసి, ఈగలను పూర్తిగా దులిపి, తెల్లని ట్రే అంచు మీద ఫ్రేము ఒక చివరను గట్టిగా తట్టాలి, తిప్పి రెండో చివరను తట్టాలి. ట్రేలో సన్నని గోధుమరంగు చుక్కలు పరుగెత్తితే అవి ట్రోపిలీలాప్స్. అనుమానం తీరకపోతే పట్టకారుతో కొన్ని పదుల మూతలు తెరిచి, గులాబీ కళ్ల దశలో ఉన్న ప్యూపాలను (ఈగగా మారబోతున్న పిల్లలను) బయటకు లాగి, గది గోడలను ఎండ వెలుగులో చూడాలి. నలభై దాటిన కళ్లకు ఈ పని భూతద్దం లేకుండా సాగదు.

పిల్లకు విరామం

ఇదే ఈ వ్యాసంలో అసలు పని. రాణిని చంపకుండా, తీసివేయకుండా, కూలి ఈగలు మాత్రం లోపలికీ బయటికీ తిరగగల జాలి పంజరంలో పెట్టి, పిల్ల పట్లున్న చోట రెండు ఫ్రేముల మధ్య 24 రోజులు ఉంచాలి. కూలి ఈగ గుడ్డు నుంచి బయటకు రావడానికి 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. పంజరంలో పెట్టిన రోజున పెట్టిన చివరి గుడ్డు కూడా 24వ రోజుకు ఈగై బయటకు వస్తుంది. ఆ రోజు పట్టులో మూతపడిన గది ఒక్కటీ ఉండదు. వరోవా అంతా ఈగల మీదకు రావలసిందే, ట్రోపిలీలాప్స్ అయితే తినడానికి పిల్ల లేక అప్పటికే చచ్చి ఉంటుంది. ఒకే పనితో రెండు నల్లులకూ దెబ్బ తగిలే పద్ధతి ఇది. ఇటలీలో వేసవి మధ్యలో ఎందరో పెంపకందారులు ఇదే చేస్తారు. వారికీ ఆ కాలంలో ఎండలు ఎక్కువ, పిల్ల ఆగదు, అందువల్ల వారి అనుభవం మనకు చలిదేశాల అనుభవం కన్నా దగ్గరగా ఉంటుంది.

ఎప్పుడు చేయాలన్నది పూతను బట్టి వెనక్కి లెక్కవేసుకోవాలి. విడుదలైన రాణి పెట్టిన గుడ్డు ఈగ కావడానికి మూడు వారాలు, ఆ ఈగ లోపలి పనులు ముగించి పూల మీదకు వెళ్లడానికి మరో మూడు వారాలు, మొత్తం ఆరు వారాలు. అరకు లోయలో వలిసెల పూత నవంబరు మొదట్లో బాగా ఉంటుందనుకుంటే, రాణి సెప్టెంబరు మూడో వారానికల్లా బయట ఉండాలి, అంటే ఆగస్టు చివరి వారంలో పంజరంలోకి వెళ్లాలి. అది పూత తక్కువ ఉండే కాలం కూడా కాబట్టి నష్టం తక్కువ. రబీ పొద్దుతిరుగుడు జనవరి చివర్లో పూసే చోట్ల నవంబరు మధ్యలో రాణిని బంధించి, డిసెంబరు రెండో వారంలో వదలాలి. తేనె పారుతున్న రోజుల్లో మాత్రం ఈ పనికి పోకూడదు.

పంజరం పెట్టిన తరువాత ఎనిమిదో, తొమ్మిదో రోజున పెట్టెను తప్పక తెరిచి చూడాలి. రాణి వాసన సరిగా అందని పెట్టెలలో ఈగలు కొత్త రాణి గదులు కడతాయి. వేరుశనగ కాయలా కిందికి వేలాడే ఆ గదులను తీసివేయకపోతే, పంజరంలో పాత రాణి, బయట కొత్త రాణి అవుతాయి. పూత లేని కాలమైతే సమపాళ్ల పంచదార పాకం వారానికి రెండుసార్లు సాయంత్రం పూట లోపలే పెట్టాలి, బయట ఒలికిస్తే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. ముసలి రాణిని ఈ కష్టానికి గురిచేయడం కన్నా, అదే అదనుగా మార్చేయడం మంచిది.

24వ రోజు సాయంత్రం ఆక్సాలిక్ ఆమ్లం వేసి, ఆ తరువాత రాణిని వదలాలి. ఒక కిలో పంచదారను ఒక లీటరు నీటిలో కరిగించి పాకం చేసుకుని, అందులోంచి ఒక లీటరు కొలిచి, 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలను కలపాలి. సిరంజితో, ఈగలు నిండిన రెండు ఫ్రేముల మధ్య సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున ఈగల మీదే పడేలా చల్లాలి. ఎంత పెద్ద పెట్టె అయినా మొత్తం 50 మిల్లీలీటర్లు మించకూడదు. గ్రాములు తూచే చిన్న కాటా లేకుండా ఈ పనికి దిగవద్దు, చెంచా కొలతలు ఇక్కడ పనికిరావు. రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, స్ఫటికాల ధూళిని పీల్చకూడదు. కలిపిన పాకాన్ని నిలవ ఉంచితే మన ఎండలకు అది గోధుమరంగుకు తిరిగి ఈగలకే విషమవుతుంది, ఆ రోజు కలిపింది ఆ రోజే వాడి మిగిలింది పారబోయాలి. పిల్ల ఉన్న పెట్టెలకే వారానికొకసారి చొప్పున మూడుసార్లు ఇది చల్లే అలవాటు ఉంది. మూత కింద నల్లిని ఈ మందు తాకదు, ఈగల పొట్టలోకి మాత్రం ప్రతిసారీ వెళుతుంది. కాబట్టి విరామం ఇచ్చి ఒక్కసారి వేయడమే నాకు న్యాయంగా తోస్తుంది.

విరామం ఇవ్వలేనప్పుడు

పెట్టెలు వందల్లో ఉండి రాణులను పట్టి బంధించే తీరిక లేనివారు ఫార్మిక్ ఆమ్లాన్ని ఆశ్రయిస్తారు. మైనపు మూత దాటి లోపలి నల్లిని చంపగలగడం దాని గొప్పతనం. మన దేశంలో ఎక్కువగా వాడే పద్ధతి ఇది: 85 శాతం ఆమ్లం 5 మిల్లీలీటర్లు చిన్న సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, అడుగుపలక మీద ఒక మూల నిలబెట్టి, రోజూ సాయంత్రం ఆ మేరకు నింపుతూ రెండు మూడు వారాలు కొనసాగించడం. దాని ఆవిరి పెట్టె అంతా నిండాలి, అలాగని ఊపిరాడకుండానూ కాకూడదు. పగటి ఎండ 30 డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా లేచి పిల్లనూ, కొన్నిసార్లు రాణినీ చంపుతుంది. ఒక ఫిబ్రవరి చివర ఎండలు ముందుగా ముదిరిన వారంలో, మొదలుపెట్టిన పని ఆపడం ఎందుకని కొనసాగించి నేను నాలుగు రాణులను పోగొట్టుకున్నాను. మైదానాలలో నవంబరు చివరి నుంచి జనవరి చివరి దాకా, కొండ ప్రాంతాలలో ఇంకొంచెం విస్తారంగా దీనికి వీలుంటుంది. మార్చి నుంచి జూన్ దాకా దీని జోలికి పోకూడదు. ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, పక్కనే బకెట్ నీళ్లు లేకుండా సీసా మూత తీయవద్దు. ఎప్పుడైనా పలచన చేయవలసి వస్తే నీటిలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయకూడదు.

ట్రోపిలీలాప్స్ ఒక్కటే కనిపించిన పెట్టెలకు గంధకపు పొడి పాత మందు. ఫ్రేముకు 200 మిల్లీగ్రాముల లెక్కన, పల్చని గుడ్డ మూటతో పై కడ్డీల మీద మాత్రమే దులుపుతూ, వారం పది రోజులకొకసారి వేస్తారు. తెరిచి ఉన్న పిల్ల మీద పడితే పిల్ల పోతుంది, తేనె అర పెట్టె మీద ఉండగా వేస్తే తేనెకు వాసన పడుతుంది.

ఫ్లువాలినేట్, ఫ్లుమెత్రిన్ అనే నల్లిమందులు పట్టించిన పట్టీలు సులువైనవి, అందుకే ఎక్కువ దుర్వినియోగమవుతాయి. పిల్ల ఫ్రేముల మధ్య వేలాడదీసి, పాకెట్ మీద చెప్పిన వ్యవధి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, ముగియగానే తీసివేయాలి. మరిచిపోయి ఆరు నెలలు వదిలేస్తే ఆ పలచని మందులో బతికి బయటపడిన నల్లులే మిగిలి సంతతిని పెంచుతాయి, ఆ తరువాత ఆ మందు ఆ ఊళ్లో ఎవరికీ పనిచేయదు. మిరప చేనుకు కొట్టే నల్లిమందులో చెక్కముక్కలు నానబెట్టి పెట్టెలో వేలాడదీసే అలవాటు మరింత హానికరం. మోతాదు తెలియదు, మందు మైనంలో ఇంకి ఏళ్ల తరబడి ఉంటుంది, తేనె పరీక్షలో అవశేషం బయటపడితే సరుకంతా తిరిగివస్తుంది. ఏ మందైనా తేనె అరలు తీసివేసిన తరువాతే వేయాలి.

మందు లేకుండా చేయగల పని ఒకటుంది. పిల్ల అరలో ఒక ఫ్రేముకు పైసగం మాత్రమే పట్టు ఉంచితే, కింది ఖాళీలో ఈగలు పోతుటీగ గదులు కడతాయి, వరోవా అక్కడికి గుమిగూడుతుంది. గుడ్డు పడిన 20 రోజుల లోపు, మూతలన్నీ పడ్డాక, ఆ ముక్కను కోసి కోళ్లకు వేయాలి. కోళ్లకు పండుగే. అయితే ఒక్కసారి కోయడం మరిచిపోయినా మనమే నల్లుల నారుమడి వేసినట్లవుతుంది. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకునే అలవాటు లేనివారు దీన్ని మొదలుపెట్టకపోవడమే నయం.

పుట్టతేనె ఈగల పెట్టెలున్నవారు

వీరు పై మందులలో ఏదీ వాడనక్కరలేదు. పుట్టతేనె ఈగలో వరోవా పోతుటీగ గదుల్లో మాత్రమే సంతానాన్ని పెంచుకోగలుగుతుంది. కూలి ఈగ పిల్లలో నల్లి దూరితే ఈగలు దాన్ని పసిగట్టి లాగి పారేస్తాయి, ఒకదాని ఒంటి మీద నల్లిని మరొకటి దులుపుతుంది. నల్లి పట్టి నీరసించిన పోతుటీగ మందపాటి మూతను తెరుచుకోలేక గదిలోనే నల్లులతో సహా సమాధి అవుతుంది. వీరికి అసలు బాధలు శాక్‌బ్రూడ్ వైరస్, మైనపు పురుగు. ఇటాలియన్ పెట్టెలను పక్కనే పెట్టుకోకుండా ఉంటే చాలు.

బయటినుంచి వచ్చే నల్లి

శుభ్రం చేసిన పెట్టెకు నల్లి రెండు దారుల్లో తిరిగి వస్తుంది. దారితప్పి వచ్చిన పోతుటీగలు, కూలి ఈగలు ఒక దారి. పెట్టెలన్నీ ఒకే రంగులో, ఒకే వరుసలో, ఒకే దిక్కుకు పెడితే ఈగలు తమ గుమ్మం గుర్తుపట్టలేక పక్కదానిలో దూరతాయి, కాబట్టి గుమ్మాలను కొంచెం కొంచెం తిప్పి, ముందు పలకలకు వేర్వేరు రంగులు వేయాలి. రెండో దారి దోపిడీ. నల్లి వల్ల కుప్పకూలుతున్న పెట్టెలోని తేనెను దోచడానికి వచ్చిన బలమైన ఈగలు తేనెతో పాటు నల్లులనూ మోసుకుపోతాయి. అలాంటి పెట్టె కనిపించిన సాయంత్రమే గుమ్మాన్ని ఒక ఈగ పట్టేంతగా కుదించాలి, బతకదని తేలితే పూర్తిగా మూసివేయాలి. ఒకే తోట చుట్టూ ముగ్గురు పెంపకందారులు పెట్టెలు దించినప్పుడు ఒక్కరే మందు వేస్తే నెల తిరిగేసరికి ముగ్గురివీ సమానమవుతాయి, కాబట్టి రోజులు మాట్లాడుకుని ఒకే వారంలో వేయడం అవసరం.

పెట్టెలు కొనేటప్పుడు డబ్బు చేతిలో పెట్టకముందే సబ్బునీళ్ల పరీక్ష, ట్రే మీద తట్టే పరీక్ష రెండూ చేయించుకోవాలి. అమ్మేవారు నొచ్చుకుంటే వేరేచోట చూసుకోవచ్చు. పెట్టెలను లారీ ఎక్కించి మరో పూతకు తరలించే రెండు వారాల ముందు ఒకసారి లెక్క చూడాలి, దిగినచోట నెలకు మరోసారి చూడాలి. పెట్టె నంబరు, తేదీ, నూరు ఈగలకు నల్లుల సంఖ్య, వేసిన మందు, రాణిని బంధించిన రోజు, వదిలిన రోజు ఒక పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఏడాది తరువాత ఏ పెట్టెలో నల్లి తక్కువగా పెరుగుతోందో కనిపిస్తుంది. కొత్త రాణులను ఆ పెట్టె నుంచి తీసుకోవాలి.

చనిపోయిన పెట్టెలోని ఖాళీ పట్లను కాల్చివేయనక్కరలేదు. మూతపడిన పిల్ల ఉన్న భాగాన్ని కోసి పూడ్చివేసి, మిగిలిన వాటిని ఈగలు చొరబడని చోట కొన్ని వారాలు ఉంచితే తినడానికి ఈగలు లేక నల్లి బతకదు. ఆ వారాలలో వాటిని మైనపు పురుగు తినకుండా గాలి, వెలుతురు తగిలేలా ఎడంగా వేలాడదీయాలి.